పాటలో ఏటన్నాడు?

పోయిన వారం ఒక అమ్మాయి నన్నొక తెలుగు మాటకు అర్థం అడిగింది. చెప్పాను. చెప్పాక హార్మోనియం మూసేసి, ఒంట్లో బాగాలేదని అబద్ధమాడి ఆ పిల్లని ఇంటికి పంపించేశాను. అబద్ధమాడటం నాకు కొత్త కాదు. ఈ రాతంతా నేనాడిన ఇంకొక అబద్ధం గురించే. దాన్ని నమ్మిన మనిషి పోయి ఏడేళ్ళయింది.

ఆయన పేరు రాయను. రైల్వే వర్క్ షాపులో, బాయిలర్లు చేసే చోట రివెట్లు కొట్టే మేస్త్రి. బెంగాలీ వాళ్ళకి మిస్త్రీదా, మా క్వార్టర్ల వరసలో చిన్నా పెద్దా అందరికీ మేస్త్రి మావ. శ్రీకాకుళం వైపు నుంచి బెంగాల్లోని ఈ ఖరగ్‌పూర్‌కి ఎప్పుడొచ్చాడో, ఎవరి వెంట వచ్చాడో నేనడగలేదు. అలాంటి కథ మా వరసలో ప్రతి ఇంటికీ ఒకటుంది, అన్నీ ఇంచుమించు ఒకేలా ఉంటాయి. ఆయనకి మాత్రమే ఉన్నది పాటల్లోని మాటల మీద పిచ్చి.

పొట్టి మనిషి. ముంజేతుల నిండా నిప్పురవ్వలు పడి కాలిన మచ్చలు. బుగ్గన ఎప్పుడూ ఒక లవంగం. ఆదివారం మధ్యాహ్నం అన్నాలయ్యాక రేడియో మీది గుడ్డ తీసి, నాలుగు మడతలు పెట్టి, ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు. ఆ గుడ్డ మీద చిలకలు ఆయన భార్య, మా అందరికీ అత్త, కుట్టినవి. షార్ట్ వేవ్‌లో ఎక్కడో సముద్రం అవతలి నుంచి ఒక అరగంట సేపు తెలుగు పాటలు వచ్చేవి. సగం పాట, సగం గరగర. ఆ అరగంట కోసం ఏడెనిమిది మందిమి ఆయన వరండాలో చేరేవాళ్ళం.

అక్కడ చట్టం ఆయనదే. గాయకుడు నోరు తెరవగానే మావ అరచెయ్యి పైకి లేచేది. ఇక ఎవరూ కిక్కురుమనకూడదు. వీణలూ వయొలిన్లూ మొదలైతే చెయ్యి దిగేది. "మాటాడుకోండిరా, ఈలోగా ఆళ్ళేవో వాయించుకుంటారు" అనేవాడు. నాకు ఒళ్ళు మండిపోయేది. ఎందుకంటే నేను వచ్చేది ఆ వాయింపుడు కోసమే. టైమాఫీసులో గుమస్తాగిరీ నా బతుకైతే, తెలుగు సంఘంలో హార్మోనియం నా పరువు. ఏ పాటైనా ఒక్కసారి వింటే స్వరాలు దింపేస్తానని పేరు. ఆ పేరు చూసుకుని నాకు కొంచెం పొగరు కూడా ఉండేది.

పాట అయిపోగానే పరీక్ష. ఎవరో ఒకరి వైపు గడ్డం ఎగరేసి, "ఏటన్నాడు?" అనేవాడు. అంటే ఆ పాటలో గాయకుడు ఏం చెప్పాడో మన మాటల్లో చెప్పాలి. "బాగుంది మావా" అంటే లాభం లేదు. "బాగుంటే బాగుంది. ఏటన్నాడో సెప్పు." చెప్పిన వాళ్ళకి టీ. చెప్పలేని వాళ్ళ గ్లాసు ఎదురుగా బోర్లించేవాడు. నాకు ఎన్ని ఆదివారాలు టీ లేకుండా పోయిందో లెక్కలేదు.

పరీక్ష లేనిది ఒక్క దాదాకే. దాదా అదే షాపులో పనిచేసే బెంగాలీ మనిషి. ఇరవయ్యేళ్ళుగా మావ ఇవతల నుంచి రివెట్ కొడితే అవతల నుంచి ఇనుము ఆన్చి పట్టుకున్నవాడు. ఒక్క ముక్క తెలుగు రాదు. కళ్ళు మూసుకుని, తల గోడకానించి, పాటంతా గొంతులోనే కూనిరాగం తీసేవాడు. "పాపం, భాష రాదు, ఏటి సేస్తాడు. పాల మీద మీగడ తీసి పారేసి నీళ్ళు తాగతన్నాడు" అని మావ జాలిపడి తన చేత్తోనే టీ ఇచ్చేవాడు. మావ ఏమన్నాడో దాదాకి నేను చెబితే దాదా నవ్వి, "ఠీక్ హై, ఠీక్ హై. గలా అచ్ఛా హై" అనేవాడు. గొంతు బాగుంది, అంతే ఆయనకి కావలసింది.

ఈ పిచ్చితో మావ మంచి పేరేమీ తెచ్చుకోలేదు. ఒక శ్రీరామనవమి పందిట్లో భజన జోరుగా సాగుతుంటే లేచి నిలబడి, ఇప్పుడు పాడిన చరణానికి అర్థం చెప్పమన్నాడు. పాడేవాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. అది సంస్కృతమో తెలుగో కూడా వాళ్ళలో సగం మందికి తెలియదు. భజన పెద్దకి కోపమొచ్చింది.

"ఇరవయ్యేళ్ళ నుంచి పాడతన్నాం మేస్త్రీ. అర్థం మాకెందుకు? రాగం దేవుడికి సేరితే సాలదేటి?"

"రాగమే సేరితే మన ఇంజన్ల కూత కూడా సేరాల" అన్నాడు మావ. "రోజూ ఏటి సెప్తన్నారో తెల్కుండా ఆయనకి సెప్తన్నారు. ఆయన మాత్రం ఏటని ఇంటాడు?"

ఆ ఏడు నుంచి ఆయనకి పందిట్లో ప్రసాదం ఇవ్వడం మానేశారు. హార్మోనియం ముందు కూర్చుని ఉన్నది నేనే. నేనూ నోరు మెదపలేదు. మా వాళ్ళు రాగానికి ఊగుతారు, గొప్పగా ఊగుతారు. మధ్యలో ఒకడు లేచి అర్థమేమిటని అడిగితే వాడికి పిచ్చెక్కిందంటారు. నేనూ అదే అన్నాను, అయితే ఇంటికొచ్చాక.

ఆయన గురించి మరొక సంగతి చెప్పాలి. అత్త బతికున్నప్పుడు మావ షిఫ్టు నుంచి వచ్చి గొళ్ళెం రెండుసార్లు తట్టేవాడు. లోపల్నుంచి "ఎవులూ" అని అత్త గొంతు. ఆ వేళకి వచ్చేది ఆయన తప్ప ఇంకెవరూ లేరని ఆవిడకి తెలుసు. అయినా అడిగేది. "నానేనే" అని ఈయన. పక్క క్వార్టరు కాబట్టి మా గోడకి రోజూ వినిపించేది. పిల్లల్లేరు వాళ్ళకి. ఒక వానాకాలం జ్వరం వచ్చి అత్త పోయింది. తర్వాత కూడా మావ షిఫ్టు నుంచి వచ్చి, గొళ్ళెం రెండుసార్లు తట్టి, ఒక నిమిషం నిలబడి, అప్పుడు జేబులోంచి తాళంచెవి తీసి తలుపు తెరిచేవాడు. ఒకసారి నవ్వుతూనే అడిగాను.

"తాళం బయటుంటే లోపలెవరున్నారని మావా తట్టడం?"

"అలవాటు అల్లుడా" అన్నాడు. అంతే అన్నాడు.

మాటల మీద అంత పట్టెందుకని కూడా ఒకసారి అడిగాను. దానికి మాత్రం వివరంగా చెప్పాడు. "అందరూ మాటాడతారు. డ్యూటీ అంటారు, రేషనంటారు, సీనియార్టీ అంటారు. అది మాటాడ్డం కాదు. మీ అత్త నాతో మాటాడీది. అది పోనాక మళ్ళా నాతో మాటాడతన్నది ఈ పెట్టె ఒక్కటే. ఆదివారం ఎవుడో కూకుని, నాకోసరమే సెప్పినట్టు ఒక ముక్క సెప్తాడు. వారమంతా దాన్నే నవుల్తా ఉంటాను. మద్దెల మాటాడదు గదా." ఇది విన్నాక కూడా నేను చేసిన పని చేశాను. అందుకే ఇది రాస్తున్నాను.

రివెట్లు కొట్టేవాళ్ళకి చెవులు పోవడం మామూలే. మావకీ పోయాయి. రిటైరవడానికి రెండేళ్ళ ముందు మొదలైంది. చిత్రమేమిటంటే చప్పుడు పోలేదు, మాట పోయింది. గొంతు వినబడేది, రాగం ఎక్కడం దిగడం వినబడేది, మాట మాత్రం ముక్క ముక్కగా విడిపడేది కాదు. "గంజిలో అన్నం మెత్తగా కలిసిపోయినట్టు ఉన్నాది" అనేవాడు. మాటలే కావలసిన మనిషికి రాగం మిగిల్చి మాట పట్టుకుపోయాడు దేవుడు. దేవుడి మీద నాకు పెద్దగా నమ్మకం లేదు గానీ, ఇలాంటివి చూసినప్పుడు ఉన్నాడేమో అనిపిస్తుంది, మంచివాడని మాత్రం అనిపించదు.

రిటైరయ్యాక ఊరికి పోలేదు. "మీ అత్తని ఇక్కడే కాల్సినాను. అక్కడికెళ్ళి ఏటి సేస్తాను?" అని మా ఊళ్ళోనే ఝపటాపూర్‌లో ఒక గది తీసుకున్నాడు. గదంటే ఒక మంచం, ఒక స్టవ్వు, బల్ల మీద రేడియో. అప్పటికి ఇంటింటికీ ట్రాన్సిస్టర్లు వచ్చేశాయి. ఆదివారం ఆయన దగ్గరికి వెళ్ళేవాళ్ళలో ఇద్దరమే మిగిలాం, దాదా, నేను. దాదా స్నేహం కొద్దీ వెళ్ళేవాడు. కొత్త పాటల స్వరాలు రాసుకోవడానికి ఆయన పెద్ద రేడియో నాకు పనికొచ్చేది, అందుకు వెళ్ళేవాణ్ణి. నిజం చెప్పుకుంటే అంతే.

మొదటి ఆదివారమే మావ ఒక పెన్సిలూ, వెనక వైపు ఖాళీగా ఉన్న పాత ఫారాల కట్టా నా చేతిలో పెట్టాడు.

"అల్లుడా, పాటొచ్చినప్పుడు మాటలు రాసీ. నాను సదూకుంటాను. రాగం నాకు ఇనబడతాది, మాట నువ్వియ్యి. రెండూ కలుపుకుంటాను."

చాలా చిన్న పని. రెండు పాటలు నిజంగానే రాశాను. రాసేటప్పుడు తెలిసింది, నాకు మాట చెవిన పడదని. ఇన్నేళ్ళూ విన్నవేవీ మాటలుగా వినలేదు. గాయకుడు ఒక అక్షరం మీద నిలబడితే ఏ స్వరం మీద నిలబడ్డాడో చెప్పగలను, అక్షరమేదో చెప్పలేను. పైగా పాట వచ్చేది ఒక్కసారి. ఆ మూడు నిమిషాల్లో నా కాగితం మీద స్వరాలు రాసుకోవాలా, ఆయన కాగితం మీద మాటలు రాయాలా? సంఘం వార్షికోత్సవం దగ్గర పడుతోంది. నేను స్వరాలే రాసుకున్నాను. తర్వాత మావ కాగితం మీద నాకు తోచినవి నింపేశాను. వెన్నెల, మల్లెలు, చల్లగాలి, చెలి, చిలకమ్మ. పాటల్లో అవే ఉంటాయి కదా, తేడా ఏముంటుందిలే అనుకున్నాను.

మావ ఆ కాగితం కళ్ళ దగ్గర పెట్టుకుని, పెదాలు కదుపుతూ చదివేవాడు. మళ్ళీ చదివేవాడు. మడిచి జేబులో పెట్టుకునేవాడు. నాలుగు నెలలు పోయాక ఒకరోజు అన్నాడు.

"ఈమజ్జిన పాటల్లో ఏటీ నేదు అల్లుడా. రాసీవోళ్ళు పోనారేటి?"

"కాలం అలాగుంది మావా" అన్నాను. ఎంత తేలిగ్గా అన్నానో ఇప్పటికీ గుర్తుంది.

ఆయన చిక్కిపోవడం నేను చూశాను. ఆదివారం నాడు ముందులా గుడ్డ మడత పెట్టుకుని కూర్చోవడం తగ్గింది. ఒక్కోసారి మేం వెళ్ళేసరికి రేడియో పెట్టి ఉండేది కాదు. దాదానే లేచి పెట్టేవాడు. మనిషికి వయసు మీద పడుతోందని మేమిద్దరం బయటికొచ్చి సైకిళ్ళెక్కుతూ చెప్పుకునేవాళ్ళం.

ఆ ఆదివారం ఒక కొత్త పాట వచ్చింది. ఆ సినిమా మా ఊరికి రాలేదు, పాటల పుస్తకమూ రాలేదు. మొదటి ఆలాపనకే నాకు చేతులు ఆగలేదు, పెన్సిలు పరిగెత్తింది. అంత మంచి వరస ఈ మధ్య వినలేదు. మావ మంచం దిగి వచ్చి బల్ల దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, చెవి చెక్కకి ఆనించి, అరచెయ్యి పెట్టె మీద వేసి విన్నాడు. చాలా నెలల తర్వాత ఆయన మొహంలో పాత మనిషి కనిపించాడు. పాట అయిపోయింది.

"ఇందులో ఏదో ఉన్నాది అల్లుడా. రెండో చరణంలో ఆడి గొంతు వొణికింది. ఏటన్నాడు?"

కాగితం ఇచ్చాను. పాట నడుస్తుండగా నాలుగు ముక్కలు గీకి పెట్టినవి. వెన్నెల రాత్రి, మల్లెపందిరి, నీ నవ్వు, నా పరవశం.

దాదా కళ్ళు తెరిచాడు. ఎప్పుడూ గొంతు బాగుందనేవాడు ఆ రోజు అనలేదు. "మిస్త్రీదా, ఏ ఆద్మీ తో రో రహా హై" అన్నాడు. వీడు ఏడుస్తున్నాడు మేస్త్రీ, అని.

మావ నన్ను చూశాడు, దాదాని చూశాడు, కాగితం చూశాడు.

"సరిగ్గా ఇన్నావా అల్లుడా?"

"విన్నాను మావా."

"దాదా ఏడుపంటన్నాడు."

"దాదాకి తెలుగేం తెలుసు మావా?"

మావ మళ్ళీ కాగితం చదివాడు. తర్వాత దాదాతో తనకొచ్చిన హిందీలో, "తుమ్‌కో భాషా నహీ ఆతా దాదా, చుప్ రహో" అన్నాడు. నీకు భాష రాదు, ఊరుకో, అని. ఇరవయ్యేళ్ళలో దాదాతో ఆయన విసురుగా మాట్లాడటం నేను విన్నది అదొక్కసారే. మాట ముందు రాగం లెక్కలోది కాదని జీవితమంతా అందరితో వాదించిన మనిషి, ఆ వాదన మీదే నిలబడి నా కాగితాన్ని నమ్మాడు. దాదా చెవిని నమ్మలేదు. కాగితం మడుస్తూ, "మల్లిపందిరంట" అన్నాడు. గ్లాసులు కడగడానికి లేచాడు. టీ పెట్టలేదు.

మరుసటి ఆదివారం మేం వెళ్ళేసరికి రేడియో గుడ్డలో చుట్టి సిద్ధంగా ఉంది. దాదా చేతిలో పెట్టాడు. "నువ్వట్టుకుపో. నీకు మాటల్తో పన్నేదు గదా. నాతో మాటాడ్డానికి ఇందులో ఎవుడూ నేడు" అన్నాడు. దాదా వద్దన్నాడు, గొడవపడ్డాడు, చివరికి నేను సైకిలు వెనక కట్టి ఖరిదాలో దాదా ఇంటికి చేర్చాను. ఇంకో ఏడాదిన్నర బతికాడు మావ. ఆ ఏడాదిన్నరలో ఆయనతో ఎవరైనా మాట్లాడారేమో నాకు తెలియదు. నేను మూడుసార్లు వెళ్ళాను. సీనియార్టీ గురించి మాట్లాడాను.

పోయాక గది ఖాళీ చేసింది దాదా, నేనే. గోడకి కొట్టిన మేకు దగ్గర ఒక తీగ వేలాడుతోంది. ఆఫీసులో కాగితాలు గుచ్చుకునే తీగ లాంటిది. దానికి నేను రాసిచ్చిన కాగితాలన్నీ వరసగా గుచ్చి ఉన్నాయి. ఒక్కటీ పారెయ్యలేదు. కొన్నిటి కింద ఆయన వంకర అక్షరాలు. "ఇదీ అంతే." "ముందుదానిలాగే ఉంది." అన్నిటికన్నా పైనున్న కాగితం కింద రెండు ముక్కలు రాసుకున్నాడు: "దాదా ఏడుపన్నాడు. ఇందులో లేదు."

చదివాను. అయినా ఆ పాటలో ఏముందో అప్పుడూ నాకు తెలియదు. మావకి చాదస్తం ఎక్కువ, అంతే, అనుకున్నాను. తీగ తీసి చెత్తలో పడేశాను.

ఇక పోయిన వారం సంగతి. మలంచాలో కిరాణా కొట్టు పెట్టుకున్న మనవాళ్ళ అమ్మాయి, కాలేజీలో చదువుతోంది, సంఘం వార్షికోత్సవానికి పాట నేర్పమని వచ్చింది. తెలుగు మాట్లాడుతుంది గానీ రాయడం చదవడం రాదు. మా ఊళ్ళో ఇప్పటి పిల్లలంతా అంతే. విశాఖపట్నం నుంచి వచ్చిన పిన్ని దగ్గరున్న పాత పాటల పుస్తకం పిన్ని చదువుతుంటే తను బెంగాలీ అక్షరాల్లో రాసుకుంది. ఏ పాటో ఎత్తుకోగానే గుర్తుపట్టాను. ఆ వరస మర్చిపోయేది కాదు. వార్షికోత్సవంలో వాయించి చప్పట్లు కొట్టించుకున్నాను కూడా. వేళ్ళు వాటంతటవే నడిచాయి. రెండో చరణం దగ్గర పిల్ల ఆగింది.

"మాస్టారూ, గొళ్ళెం అంటే ఏటండీ?"

"తలుపుకుంటుంది చూడు, శికల్" అన్నాను బెంగాలీలో.

"ఓ, శికలా." పిల్ల ఆ చరణం పాడకుండా మెల్లగా చదివింది.

తాళంచెవి నా చేతనే ఉన్నా
గొళ్ళెం తట్టి నిలుచున్నా
ఎవరని అడిగే గొంతే లేక
నా పేరు నేనే మరిచున్నా

"తాళంచెవి సేతిలోనే ఉన్నాది గదా మాస్టారూ. మరి గొళ్ళెం ఎందుకు తట్టినాడు?"

ఎనిమిదేళ్ళకి పైగా వాయిస్తున్న పాటలో ఏమన్నాడో అప్పుడు విన్నాను. ఆ పిల్లకి జవాబు నాకు తెలుసు. ఖరగ్‌పూర్ మొత్తం మీద ఆ జవాబు అంత బాగా తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. పక్క గోడ అవతల నుంచి కొన్నేళ్ళపాటు విన్నాను. ఒంట్లో బాగాలేదని చెప్పి పంపించేశాను.

ఈ ఆదివారం పొద్దున ఖరిదా వెళ్ళాను. దాదాకి డెబ్భై దాటాయి, కళ్ళు సరిగా కనపడవు. రేడియో అలమారలో ఉంది, మీద చిలకల గుడ్డ అలాగే ఉంది. ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పాను. ఏ పాటో కాస్త పాడి వినిపించాను. వెంటనే గుర్తుపట్టాడు. ఇన్నేళ్ళలో ఏ పాట గురించీ అడగనివాడు అప్పుడడిగాడు.

"క్యా బోలా థా ఇస్‌మే?"

మావ ప్రశ్నే. ఏటన్నాడు? నాకొచ్చిన హిందీలో ఒక్కొక్క ముక్కే చెప్పాను. తాళంచెవి, గొళ్ళెం, ఎవరని అడిగే గొంతు. దాదా తల గోడకానించి విన్నాడు. కోడలు రెండు గ్లాసుల టీ తెచ్చి మా మధ్య పెట్టి వెళ్ళింది.

"ఉస్ దిన్ కాగజ్ మే క్యా లిఖా తుమ్‌నే?"

ఆ రోజు కాగితంలో నేనేం రాశానో కూడా చెప్పాను.

దాదా నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. ఆ గుడ్డ మీది చిలకల వైపు మొహం తిప్పి అన్నాడు.

"మిస్త్రీదా తో ముఝే హీ బుద్ధూ సమఝ్‌కే చలా గయా."

నన్నే తెలివితక్కువవాడనుకుని పోయాడు మేస్త్రి, అని. తర్వాత చెయ్యి చాచి, తడుముకుంటూ, నా ముందున్న గ్లాసు తన వైపు లాక్కున్నాడు.